ఇంగ్లండ్‌కి ఆడకపోతే కౌంటీ క్రికెటర్ కెరీర్ వేస్టేనా? డారెన్ స్టీవెన్స్‌ని చూసి మాట్లాడదాం

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీ అక్కావాళ్ళు ఇంగ్లండ్‌లో సెటిలయ్యారు, వాళ్ళబ్బాయికి 17, కౌంటీ (మన రంజీ జట్ల లాంటి అక్కడి ప్రొఫెషనల్ క్లబ్బు) అకాడమీలో ఉన్నాడు, వచ్చే ఏడు రూకీ కాంట్రాక్ట్ (కొత్త కుర్రాళ్ళకి ఇచ్చే మొదటి కాంట్రాక్ట్) ఇచ్చే ఛాన్స్ ఉంది. మీ బావగారేమో "ఇంగ్లండ్ టీమ్ దాకా వెళ్ళేది ఎంతమంది, మిగతావాళ్ళు ముప్పై ఏళ్ళకి చేతిలో డిగ్రీ లేకుండా మిగిలిపోతారు, పుస్తకాలు పట్టుకోమను" అంటున్నారు. నేను కెంట్‌లో చాలా ఏళ్ళుగా ఉంటున్నా, వీకెండ్స్‌లో లీగ్ క్రికెట్‌కి అంపైరింగ్, పిల్లలకి కోచింగ్, ఖాళీ దొరికితే కాంటర్‌బరీ గ్రౌండ్‌లో కూర్చోవడం, ఇదే పని. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు బావగారి లెక్క గురించి. ఆయన చెప్పిన దాంట్లో సగం కరెక్టే. 18 కౌంటీలు, ఒక్కోదాంట్లో ఇరవై పైచిలుకు మంది, అంటే మగవాళ్ళలో నాలుగొందల చిల్లర ప్రొఫెషనల్స్ అనుకోండి. ఏ టైమ్‌లో చూసినా ఇంగ్లండ్‌కి రెగ్యులర్‌గా ఆడేవాళ్ళు పాతిక ముప్పై మందికి మించరు. మిగతా అందరూ ఫెయిలైనట్టే అనుకుంటే ఇక ఆ ఆటే ఉండకూడదు. కౌంటీ క్రికెట్ అనేది ఇంగ్లండ్ టీమ్ కోసం క్యూలో నిలబడే వెయిటింగ్ రూమ్ కాదండీ, అదొక ఉద్యోగం. ఏడాదికో రెండేళ్ళకో రెన్యూ అయ్యే కాంట్రాక్ట్ ఉద్యోగం. అందులో ఎవడు ఎన్నాళ్ళు నిలబడ్డాడు, ఎలా నిలబడ్డాడు అన్నదే అసలు సంగతి.

దీనికి నాకు తెలిసిన బెస్ట్ ఎగ్జాంపుల్ డారెన్ స్టీవెన్స్. 1976 ఏప్రిల్ 30న లెస్టర్‌లో పుట్టాడు, 1997లో సొంతూరి కౌంటీ లెస్టర్‌షైర్‌కే ఫస్ట్ క్లాస్ (రోజుల తరబడి సాగే మ్యాచుల) డెబ్యూ. అప్పటి లెస్టర్‌షైర్ అంటే మామూలు టీమ్ కాదు, 1996లో ఒకసారి 1998లో ఒకసారి కౌంటీ ఛాంపియన్‌షిప్ (కౌంటీల మధ్య నాలుగు రోజుల మ్యాచుల లీగ్) కొట్టిన టీమ్, అందులో కుర్రాడికి చోటు దొరకడమే కష్టం. స్టీవెన్స్ అప్పట్లో బ్యాటర్, బాల్‌ని చితక్కొట్టే టైపు, టాలెంట్ ఉందని అందరూ అనేవాళ్ళు, కానీ సీజన్ మొత్తం నిలకడగా రన్స్ రావు, బౌలింగ్ అయితే పెద్దగా వేసిందే లేదు. 2004 సీజన్ అయ్యేసరికి 28 ఏళ్ళు, లెస్టర్ వదిలి కెంట్‌కి వచ్చాడు. బావగారు భయపడుతున్న ఏజ్ సరిగ్గా ఇదే కదా, ఇక్కడే చాలామంది కెరీర్లు ఆగిపోతాయి, సైలెంట్‌గా ఏదో ఒక స్కూల్లో కోచ్ ఉద్యోగంలో చేరిపోతారు.

ఇతను వచ్చిన 2005 కెంట్‌కి కూడా గుర్తుండే ఏడాది. కాంటర్‌బరీలో సెయింట్ లారెన్స్ గ్రౌండ్‌లో బౌండరీ లోపలే ఒక పెద్ద లైమ్ చెట్టు ఉండేది, బాల్ దానికి తగిలితే ఫోర్. ఆ ఏడు జనవరిలో గాలివానకి ఆ చెట్టు విరిగిపోయింది. (ఇప్పుడు అక్కడున్నది తర్వాత నాటింది.) స్టీవెన్స్ మొదటి సీజన్‌లోనే వెయ్యి రన్స్ దాటేశాడు, కౌంటీ క్యాప్ కూడా అదే ఏడు ఇచ్చారు. మన వైపు వాళ్ళకి ఈ క్యాప్ సంగతి తెలీదు కాబట్టి చెప్తున్నా, చాలా కౌంటీల్లో టీమ్‌లో ఆడగానే క్యాప్ ఇవ్వరు. "ఇప్పుడు నువ్వు మావాడివి" అని క్లబ్బుకి అనిపించినప్పుడే ఇస్తారు. అది రావడానికి కొందరికి ఏళ్ళు పడుతుంది, కొందరికి అసలు రాదు.

2007లో కెంట్ ట్వంటీ20 కప్ గెలిచింది, ఫైనల్లో గ్లాస్టర్‌షైర్ మీద చివరిదాకా ఉండి గెలిపించింది స్టీవెన్సే. ఇక్కడిదాకా చూస్తే మంచి కౌంటీ బ్యాటర్ కథ, అంతే, ఇలాంటోళ్ళు ప్రతి తరంలో ఓ యాభై మంది ఉంటారు. తర్వాత జరిగిందే స్పెషల్. ముప్పై దాటాక మెల్లగా బౌలింగ్ పెంచుకుంటూ పోయాడు. స్పీడ్ ఎంత అంటారా, గంటకి 110, 115 కిలోమీటర్లు ఉంటే ఎక్కువ, మన ఊళ్ళో టెన్నిస్ బాల్ టోర్నమెంట్లలో కూడా అంతకన్నా స్పీడ్ వేసేవాళ్ళు దొరుకుతారు. రనప్ చూస్తే కూరగాయలకి వెళ్ళే మనిషి నడిచినట్టే ఉంటుంది. కానీ ప్రతి బాల్ ఆఫ్ స్టంప్ మీదే, ఫుల్‌గా, సీమ్ (బాల్ మీది కుట్టు) నిటారుగా. ఒకటి లోపలికి ఒకటి బయటికి, ఏది ఎటు పోతుందో బాల్ పిచ్ అయ్యేదాకా బ్యాటర్‌కి తెలీదు, కొన్నిసార్లు బౌలర్‌కి కూడా తెలీదేమో అనిపిస్తుంది. వికెట్ కీపర్ స్టంప్స్ దగ్గరకొచ్చి నిలబడతాడు కాబట్టి బ్యాటర్ క్రీజు దాటి ముందుకొచ్చి ఆడదామన్నా కుదరదు. ఇక ఎల్బీలు, బౌల్డ్‌లు వరసపెట్టి.

ఇది ఎందుకు పని చేస్తుందో అర్థం కావాలంటే ఇక్కడి వాతావరణం తెలియాలి. సీజన్ ఏప్రిల్‌లో మొదలై సెప్టెంబర్ చివర్లో అయిపోతుంది. జులై ఆగస్టుల్లో టీ20, హండ్రెడ్, వన్డేలు నిండిపోతాయి కాబట్టి ఛాంపియన్‌షిప్ మ్యాచుల్లో చాలా భాగం ఏప్రిల్, మే, సెప్టెంబర్‌లలోనే పడతాయి, అంటే చలి, తడి, మబ్బు. ఇక్కడ వాడే డ్యూక్స్ కంపెనీ బాల్ సీమ్ ఎత్తుగా ఉంటుంది, చాలా ఓవర్ల దాకా కదులుతూనే ఉంటుంది. మన కాకినాడ కుర్రాడు హనుమ విహారిని తీసుకోండి, 2021 జనవరిలో సిడ్నీ టెస్ట్‌లో తొడ కండరం పట్టేసినా 161 బాల్స్ ఆడి మ్యాచ్ కాపాడిన మనిషి. అదే ఏడు ఏప్రిల్లో వార్విక్‌షైర్‌కి ఆడటానికొచ్చి నాటింగ్‌హామ్‌లో మొదటి ఇన్నింగ్స్‌లో 23 బాల్స్ ఆడి డకౌట్, బౌలర్ స్టువర్ట్ బ్రాడ్. మొత్తం ఆ స్టింట్‌లో మూడు మ్యాచులాడి పెద్ద స్కోర్ లేకుండానే వెళ్ళాడు. అతనికి డిఫెన్స్ రాదని ఎవరూ అనలేరు కదా, ఏప్రిల్లో ఇక్కడ బ్యాటింగ్ అలా ఉంటుంది మరి. మన అజారుద్దీన్ 1991లో డెర్బీషైర్‌కి ఒకే సీజన్లో రెండువేల రన్స్ పైన కొట్టాడంటే ఆ మణికట్టుకి దణ్ణం పెట్టాలి, అప్పట్లో మ్యాచులు ఎక్కువుండేవి, ఎండాకాలం అంతా ఆడేవాళ్ళు అది కూడా నిజమే అనుకోండి.

స్టీవెన్స్ లాంటి బౌలర్ల మీద ఇక్కడ పెద్ద గొడవే నడిచింది. "మీడియం పేసర్లు కుప్పలుగా వికెట్లు తీస్తుంటే ఫాస్ట్ బౌలర్లు, స్పిన్నర్లు ఎలా తయారవుతారు, ఆస్ట్రేలియా వెళ్ళి ఎలా గెలుస్తాం" అని. బోర్డు కూడా ఊరుకోలేదు, 2016లో టాస్ రూల్ మార్చింది. విజిటింగ్ టీమ్ ముందు బౌలింగ్ కావాలంటే టాస్ లేకుండానే తీసుకోవచ్చు, దాంతో హోమ్ టీమ్ పచ్చిక పిచ్‌లు తయారుచేయడం తగ్గుతుందని ఐడియా. 2020కి ఆ రూల్ తీసేశారు. 2023 నుంచి కొన్ని రౌండ్లకి డ్యూక్స్ బదులు కూకబుర్రా బాల్ (ఆస్ట్రేలియాలో వాడేది, తక్కువ కదులుతుంది) పెట్టారు. ఇందులో తమాషా ఏంటంటే ఆ టాస్ రూల్ ఉన్న 2017లోనే స్టీవెన్స్ 60కి పైగా వికెట్లు తీశాడు, 41 ఏళ్ళ వయసులో. నా అభిప్రాయం అడిగితే, క్రిటిక్స్ చెప్పేదాంట్లో పాయింట్ ఉంది గానీ తప్పు స్టీవెన్స్‌ది కాదు, క్యాలెండర్‌ది. ఛాంపియన్‌షిప్‌ని చలిలోకి నెట్టేసి, ఆ చలిలో బౌలింగ్ నేర్చుకున్నవాణ్ణి తిడితే ఎలా?

2019 గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కౌంటీ కెరీర్ అంటే ఏంటో ఆ ఒక్క ఏడాదిలోనే మొత్తం కనిపిస్తుంది. జులైలో కెంట్ అనౌన్స్ చేసింది, సీజన్ చివర్లో స్టీవెన్స్‌ని వదిలేస్తున్నాం అని. 43 ఏళ్ళ మనిషి, ఎవరికీ ఆశ్చర్యం లేదు, థాంక్యూలు చెప్పేశారు. సెప్టెంబర్లో హెడింగ్లీలో యార్క్‌షైర్‌తో మ్యాచ్, కెంట్ 39కి 5 వికెట్లు. అక్కడ సామ్ బిల్లింగ్స్‌తో కలిసి ఆరో వికెట్‌కి 346 పార్ట్‌నర్‌షిప్, స్టీవెన్స్ 225 బాల్స్‌లో 237, తొమ్మిది సిక్సులు. అది చాలదన్నట్టు ఆఖరి ఇన్నింగ్స్‌లో 20 రన్స్‌కి 5 వికెట్లు, కెంట్ 433 రన్స్ తేడాతో గెలిచింది. వద్దనుకున్న క్లబ్బే మళ్ళీ పిలిచి ఇంకో ఏడాదికి సంతకం పెట్టించుకుంది. ఏడాదికే, గమనించండి. 237 కొట్టి అయిదు వికెట్లు తీసినా ఒక్క ఏడాదే. ఈ ఉద్యోగం అలాగే ఉంటుంది.

2020లో కోవిడ్ వల్ల ఛాంపియన్‌షిప్ బదులు బాబ్ విల్లిస్ ట్రోఫీ అని చిన్న టోర్నమెంట్ పెట్టారు, అందులో ఇతను 29 వికెట్లు తీశాడు. దాంతో 2021 విజ్డెన్‌లో (ఏటా వచ్చే పేరున్న క్రికెట్ పుస్తకం) ఫైవ్ క్రికెటర్స్ ఆఫ్ ద ఇయర్‌లో ఒకడయ్యాడు. 44 ఏళ్ళు, ఇంగ్లండ్‌కి ఒక్క మ్యాచ్ ఆడలేదు, అయినా జేసన్ హోల్డర్, మొహమ్మద్ రిజ్వాన్ పక్కన పేరు. ఇంత పెద్ద వయసులో ఆ లిస్టుకి ఎక్కింది అంతకుముందు 1933లో యూవార్ట్ ఆస్టిల్, అతను కూడా లెస్టర్‌షైర్ వాడే. ఆ 1933 లిస్టులోనే మన సి.కె. నాయుడు పేరు కూడా ఉంది తెలుసా, ఆయన 1932 టూర్‌లో ఆడిన ఆటకి. నాగ్‌పూర్‌లో పుట్టిన తెలుగాయన, ఆయన కూడా ముప్పై అయిదు దాటాకే తన మొదటి టెస్ట్ ఆడాడు.

2021 మే 21, కాంటర్‌బరీ, గ్లామోర్గన్‌తో. కెంట్ 128కి 8. పదో నంబర్ మిగెల్ కమిన్స్ వచ్చాడు. అక్కడి నుంచి తొమ్మిదో వికెట్‌కి 166 రన్స్, అందులో కమిన్స్ కొట్టింది ఒకే ఒక్కటి, ఎక్స్‌ట్రాలు పోగా 160 స్టీవెన్స్‌వే. మొత్తం 149 బాల్స్‌లో 190, ఫోర్లు పదిహేను, సిక్సులు పదిహేను. కెంట్ 307. ఆ సాయంత్రమే బాల్ పట్టుకుని గ్లామోర్గన్‌కి ఆడుతున్న ఆస్ట్రేలియా టెస్ట్ బ్యాటర్ లబుషేన్‌ని ఎల్బీ చేశాడు. వయసు 45 ఏళ్ళ 21 రోజులు. ఫీల్డర్లు అందరూ బౌండరీ దగ్గరే ఉంటారు, సింగిల్ తీస్తే స్ట్రైక్ పోతుంది, ఏ ఓవర్లో ఎప్పుడు పరుగెత్తాలి, ఎప్పుడు ఆగాలి, గాలి ఎటు వీస్తోంది, ఏ వైపు బౌండరీ దగ్గర, ఇవన్నీ లెక్కేసుకుంటూ కొట్టాలి, ఆ లెక్క ఇరవై ఏళ్ళ కుర్రాడికి రాదండీ. అదే ఏడు టీ20 బ్లాస్ట్ గెలిచిన కెంట్ టీమ్‌లో కూడా ఉన్నాడు, 2007 కప్‌కి 14 ఏళ్ళ తర్వాత.

2022లో మళ్ళీ వదిలేస్తున్నాం అన్నారు, ఈసారి నిజంగానే. ఆగస్టు చివర్లో వన్డే కప్ సెమీఫైనల్, హాంప్‌షైర్‌తో వాళ్ళ సొంత గ్రౌండ్‌లోనే, 300 పైన ఛేజ్. 46 ఏళ్ళ స్టీవెన్స్ 65 బాల్స్‌లో 84 నాటౌట్, గెలిపించాడు. ఫైనల్లో లాంకషైర్ మీద గెలిచి కప్ కూడా తెచ్చుకున్నారు. ఫస్ట్ క్లాస్‌లో మొత్తం 16 వేల పైన రన్స్, 590 ప్రాంతంలో వికెట్లు, ఆ వికెట్లలో చాలా వరకు మామూలు క్రికెటర్లు రిటైరయ్యే వయసు దాటాక వచ్చినవే.

ఇక ఇంగ్లండ్‌కి ఆడటం సంగతి. గ్లామోర్గన్‌కి డాన్ షెపర్డ్ అని ఒకాయన ఉండేవాడు, 2,218 ఫస్ట్ క్లాస్ వికెట్లు, ఒక్క టెస్ట్ లేదు. లాంకషైర్ గ్లెన్ చాపెల్, 985 వికెట్లు, 2011లో కెప్టెన్‌గా ఆ కౌంటీకి 1934 తర్వాత మొదటి అవుట్‌రైట్ (ఎవరితోనూ పంచుకోని) ఛాంపియన్‌షిప్ టైటిల్ తెచ్చాడు, ఇంగ్లండ్‌కి ఆడింది ఐర్లాండ్ మీద ఒకే ఒక్క వన్డే. అన్నిటికన్నా నాకు బాధ అనిపించేది అలన్ జోన్స్ కథ. గ్లామోర్గన్ ఓపెనర్, 36 వేల పైన రన్స్, 1970లో రెస్ట్ ఆఫ్ ద వరల్డ్ మీద ఇంగ్లండ్‌కి ఆడాడు, తర్వాత ఆ మ్యాచులకి టెస్ట్ హోదా తీసేశారు. ఆడినవాడు ఆడనివాడైపోయాడు. యాభై ఏళ్ళ తర్వాత, 2020లో పిలిచి 696 నంబర్ క్యాప్ ఇచ్చారు. కాబట్టి సెలెక్షన్ అనేది మీ మేనల్లుడి చేతిలో లేని విషయం, దాన్ని పట్టుకుని కెరీర్‌ని పాస్ ఫెయిల్ అని కొలవొద్దని బావగారికి చెప్పండి.

అలాగని గులాబీ రంగు బొమ్మ వెయ్యను. స్టీవెన్స్ లాంటివాడు ఒకడుంటే 24 ఏళ్ళకే ఇంటికి పంపబడ్డవాళ్ళు డజన్ల మంది ఉంటారు, వాళ్ళ గురించి ఎవరూ రాయరు. రూకీ జీతంతో లండన్ పక్కన అద్దె కట్టడం కష్టం. సెకండ్ ఎలెవెన్ (కౌంటీ రెండో జట్టు) మ్యాచులు ఖాళీ గ్రౌండ్లలో, చూసేవాళ్ళు తల్లిదండ్రులు, రెండు కుక్కలు. టాంటన్ నుంచి డర్హం వైపు మ్యాచ్ అంటే 300 మైళ్ళ డ్రైవ్. ఆగస్టు, సెప్టెంబర్ వచ్చిందంటే కాంట్రాక్ట్ అయిపోతున్న కుర్రాళ్ళ మొహాలు చూస్తే మీకే తెలిసిపోతుంది, ఒక్కొక్కణ్ణీ డైరెక్టర్ ఆఫ్ క్రికెట్ ఆఫీసులోకి పిలుస్తారు, అయిదు నిమిషాల్లో బయటికొస్తాడు. వెన్నెముక స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చిందంటే ఫాస్ట్ బౌలర్ కుర్రాడికి ఏడాది పోయినట్టే. పాతకాలంలో పదేళ్ళు సర్వీస్ చేసినవాళ్ళకి బెనిఫిట్ ఇయర్ ఉండేది, విరాళాలు, డిన్నర్లు, ట్యాక్స్ లేకుండా ఒక ఇల్లు కొనుక్కునేంత డబ్బు. ఇప్పుడు అది తగ్గిపోయింది, 2017 ఏప్రిల్ నుంచి లక్ష పౌండ్ల పైన ట్యాక్స్ కూడా పెట్టారు.

మన పిల్లల విషయంలో ఇంకో మాట. ఇక్కడ సరదాగా క్లబ్ క్రికెట్ ఆడేవాళ్ళలో దాదాపు 30 శాతం సౌత్ ఏషియన్స్, ప్రొఫెషనల్స్‌లో మాత్రం 5 శాతం చుట్టూ. అంటే 17, 18 ఏళ్ళ దగ్గరే ఎక్కడో జారిపోతున్నారు. బర్మింగ్‌హామ్ సిటీ యూనివర్సిటీ రీసెర్చ్ నుంచి పుట్టిన సౌత్ ఏషియన్ క్రికెట్ అకాడమీ 2022లో మొదలైంది, కౌంటీలు వదిలేసినవాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చి మళ్ళీ మ్యాచులాడించి కాంట్రాక్టులు ఇప్పిస్తోంది. కాశిఫ్ అలీ అలాగే వూస్టర్‌షైర్‌కి వెళ్ళాడు. ఒక కౌంటీ కాదంటే తలుపు మూసుకుపోయినట్టు కాదు అనేందుకే ఇది చెప్తున్నా.

మరి ఏం చెయ్యాలి అంటే, చదువా ఆటా అని ఒకటి ఎంచుకోవాల్సిన పని ఇక్కడ లేదండీ, అది మన ఊరి సిస్టమ్. లాఫ్‌బరో, డర్హం లాంటి యూనివర్సిటీల్లో డిగ్రీ చేస్తూనే సీరియస్ క్రికెట్ ఆడొచ్చు, టెస్ట్ ప్లేయర్లే అక్కడి నుంచి వచ్చారు, కౌంటీతో మాట్లాడి వేసవి సెలవుల్లో మాత్రమే ఆడే ఏర్పాటు చేసుకున్నవాళ్ళూ ఉన్నారు. సంతకం పెట్టేముందు కొన్ని సూటిగా అడగండి, మొహమాటం వద్దు. డిగ్రీకి టైమ్ ఇస్తారా? శీతాకాలంలో ఎన్ని నెలలకి జీతం? వాడి ప్లేస్‌లో ఫస్ట్ టీమ్‌లో ఎవరున్నారు, వాళ్ళ వయసెంత, కాంట్రాక్ట్ ఎప్పటిదాకా? ఓవర్‌సీస్ ప్లేయర్‌ని ఏ స్లాట్‌కి తెస్తున్నారు? ఇక్కడ ఛాన్స్ లేకపోతే వేరే కౌంటీకి లోన్ మీద పంపుతారా? కుర్రాడు బ్యాటర్ అని రాశారు, బౌలింగో కీపింగో రెండోది ఒకటి ఇప్పట్నుంచే సీరియస్‌గా మొదలుపెట్టమనండి, స్టీవెన్స్‌కి 28 తర్వాత తట్టింది వీడికి 17లో తడితే నష్టం లేదు.

సంతకం అయ్యాక పీసీఏలో (ప్రొఫెషనల్ క్రికెటర్స్ అసోసియేషన్) మెంబర్ అవ్వమనండి. 1967 నుంచి ఉన్న ప్లేయర్స్ యూనియన్ అది, ప్రతి కౌంటీకి ఒక పర్సనల్ డెవలప్‌మెంట్ మేనేజర్‌ని పెడతారు, కోర్సులు, క్రికెట్ తర్వాత ఉద్యోగం, మానసిక ఇబ్బందులుంటే కౌన్సెలింగ్ అన్నీ చూస్తారు. చాలామంది కుర్రాళ్ళు రిలీజైన వారం దాకా ఆ మనిషి పేరు కూడా కనుక్కోరు, వీణ్ణి మొదటి నెలలోనే వెళ్ళి కలవమనండి. కాంట్రాక్ట్ కాపీ చేతికొచ్చాక ఏదైనా క్లాజ్ అర్థం కాకపోతే పేర్లు, అంకెలు తీసేసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.